చదువు చౌరస్తా: ఎంపీసీ చదివి సోషల్ ఇష్టమంటే నవ్వుతున్నారు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం ర్యాంకుల గొడవే. ర్యాంకు నంబరు రాసి 'ఏ కాలేజీ వస్తది మేడం' అని అడిగినవాళ్లకు విడిగా జవాబులు పంపాను. ఇక్కడికి నాలుగు ఉత్తరాలే తీసుకున్నాను. మొదటిదాని దగ్గర ఎక్కువసేపు కూర్చుండిపోయాను, మిగతా ముగ్గురూ ఏమనుకోవద్దు.

ప్రశ్న: మేడం గారూ, మాది దేవరకొండ దగ్గర పల్లె. ఇంటర్ ఎంపీసీ సెకండియర్ చదువుతున్నాను. మా నాన్న మీసేవ సెంటర్ నడుపుతాడు. సెలవుల్లో, సాయంత్రాల్లో కౌంటర్ దగ్గర నేనే కూర్చుంటాను. మొన్న ఒక అవ్వ పుట్టిన తేదీ చెప్పలేక మూడుసార్లు వచ్చి తిరిగిపోయింది. సాఫ్ట్‌వేర్ నేర్చుకుని ఇలాంటివి బాగుచేయాలని ఉంది. కానీ నాకు మొదటినుంచీ ఇష్టమైన సబ్జెక్టు సోషల్. ఆ మాటంటే ఇంట్లో నవ్వుతున్నారు. 'సీఎస్ఈ చెయ్యి, సేవ ఖాళీ టైంలో చేసుకో' అంటాడు నాన్న. రెండూ కలిసిన చదువు ఏదైనా ఉందా? దూరం పంపాలంటే అమ్మకు టెన్షన్.
— ఒక విద్యార్థిని, దేవరకొండ

జవాబు: బిడ్డా, ఆ అవ్వ పని చివరికి అయిందా లేదా? ఉత్తరంలో రాయలేదు. నీ చదువు సంగతి కంటే ముందు నాకు అదే అడగాలనిపించింది.

మన జిల్లాలో ఆ వయసువాళ్లను పుట్టిన తేదీ అడిగితే తేదీ ఎవరు చెప్తారు? 'రజాకార్ల లొల్లి నాటికి నేను చంకల పిల్లను' అంటుంది ఒకామె. 'సాగర్ డ్యాంకు రాయి వేసిన ఏడు నా లగ్గమైంది' అంటుంది ఇంకొకామె. కౌంటర్‌లో కూర్చున్నవాళ్లకు అవి ముచ్చట్లు. జనాభా లెక్కలు చదివినవాళ్లకు అవే తేదీలు. రజాకార్ల గడబిడ 1947-48. నాగార్జునసాగర్‌కు నెహ్రూ పునాదిరాయి వేసింది 1955 డిసెంబరు 10న, కాలువలకు నీళ్లు వదిలింది 1967లో. పల్లెల్లో సర్వేకు పోయేవాళ్లు ఇలాంటి సంగతులన్నీ ఒక కాగితం మీద వరసగా రాసుకుని పోతారు. 'అప్పటికి నీకు పెద్ద పిల్ల పుట్టిందా? నడుస్తోందా?' అని అడుగుతూ వయసును ఒకటి రెండేళ్ల తేడాలోకి తెస్తారు. సోషల్ సైన్స్ వాళ్లకు ఇది కొట్టిన పిండి.

ఇప్పుడు అదే అవ్వను తెర ముందు కూర్చోబెట్టు. చాలా ఫారాల్లో పుట్టిన తేదీ గడి మీద నొక్కితే ఈ నెల క్యాలెండర్ తెరుచుకుంటుంది. అక్కడినుంచి 1948కి పోవాలంటే పక్కనున్న బాణం గుర్తు నొక్కాలి. నెలకొక నొక్కు. మా మనవడు లెక్కగట్టి 900 పైచిలుకు అన్నాడు. పైన సంవత్సరం అంకె మీద నొక్కితే జాబితా వస్తుందని వాడే చూపించాడు. అది అక్కడ ఉందని నాకెట్లా తెలియాలిరా అంటే నవ్వాడు. ఇక పేర్ల సంగతి నీకు నేను చెప్పేదేముంది! ఇంటిపేరు ముందు, పేరు వెనక రాసుకునేవాళ్లం మనం. ఫస్ట్ నేమ్ అంటే ఏది రాయాలి? టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తిగా. రెండూ కలవలేదని దరఖాస్తు వెనక్కి. ఆ గడులు గీసిన పిల్లవాడు ఎన్నడూ దేవరకొండ బస్టాండులో దిగి ఉండడు.

మీ నాన్న అన్న 'ఖాళీ టైంలో సేవ' మాట దగ్గర నాకో పాత సంగతి గుర్తొచ్చింది. 1980ల చివర్లో, ఉద్యోగంలో చేరిన కొత్తలో, డిగ్రీ పిల్లల్ని తీసుకుని మర్రిగూడ వైపు ఒక ఊరికి సర్వేకు పోయాను. ఫ్లోరైడ్ నీళ్ల ఊరు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదంటారు, అక్కడ దానికి ఎన్నో రెట్లు. మన ఊరి పేరుతోనే 'నల్లగొండ టెక్నిక్' అని ఒక పద్ధతి ఉంది, తెలుసు కదా. నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు 1970లలో తయారు చేశారు. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలపాలి. ముందు వేగంగా, తర్వాత మెల్లగా తిప్పాలి. గంటసేపు కదపకుండా ఉంచితే ఫ్లోరైడ్ మడ్డితోపాటు అడుక్కు దిగుతుంది, పైన తేరిన నీళ్లు తాగొచ్చు. దానికోసం ఇళ్లలో కుళాయి బిగించిన బకెట్లు ఉండేవి. మా ఫారంలో 'బకెట్ వాడుతున్నారా? అవును / లేదు' అని ఉంది. ఒక ఇంట్లో చూస్తే బకెట్ నిండా జొన్నలు పోసి ఉన్నాయి. ఎందుకు వాడటం లేదని అడిగాను. ఆ ఇంటామె చీపురు కింద పెట్టి, 'తెల్లారకముందు లేచి నీళ్లకు పోవాలె, వండాలె, ఏడు గంటలకు కూలికి పోవాలె. గా నీళ్లు ఎవరు తిప్పాలె మేడమా, నువ్వొచ్చి తిప్పుతవా?' అంది.

ఆ మాట రాయడానికి మా ఫారంలో గడి లేదు. కాగితం తిప్పి వెనకవైపు రాసుకొచ్చాం. పటిక లెక్క తప్పు కాదు, సున్నం లెక్క తప్పు కాదు. తిప్పే చెయ్యి ఎవరిదో ఎవరూ లెక్క వేయలేదు. ఇంజనీరింగ్ అయిపోయాక ఆదివారాలు నేర్చుకుందామంటే ఇది కుదిరే పని కాదని నాకప్పుడే అనిపించింది. అందుకే రెండూ కలిపి చదవాలన్న నీ కోరికను నేను మీ నాన్నంత తేలిగ్గా తీసుకోలేను.

చదువులకు వస్తాను. నువ్వు అడిగినదానికి అచ్చంగా సరిపోయేది గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో ఉంది. బాసర కాదు, హైదరాబాద్‌ది. అక్కడ కంప్యూటర్ సైన్స్ బీటెక్‌తోపాటు 'కంప్యూటింగ్ అండ్ హ్యూమన్ సైన్సెస్'లో ఎంఎస్ కలిపి ఐదేళ్ల కోర్సు నడుపుతున్నారు. ప్రోగ్రామింగ్‌తోపాటు చరిత్ర, తత్త్వశాస్త్రం, సమాజశాస్త్రం కూడా చదవాలి. చివర్లో పరిశోధన చేసి థీసిస్ రాయాలి. దీనికి యూజీఈఈ అనే పరీక్ష వేరుగా ఉంటుంది, తర్వాత ఇంటర్వ్యూ. ఎప్‌సెట్ (పాత పేరు ఎంసెట్) ర్యాంకు పనికిరాదు. సీట్లు తక్కువ, ఫీజు ఏటా లక్షల్లో. నాన్నతో ఆ మాట ముందే చెప్పు, సీటొచ్చాక చెప్తే ఇల్లు పీకి పందిరేస్తారు.

రెండోది నా మనసుకు దగ్గరిది. ట్రిపుల్ ఐటీకి కూతవేటు దూరంలోనే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉంది. ఇంటర్ తర్వాత నేరుగా చేరే ఐదేళ్ల ఎంఏ కోర్సులు అక్కడ ఉన్నాయి: ఎకనామిక్స్, హిస్టరీ, పొలిటికల్ సైన్స్, సోషియాలజీ, ఆంత్రొపాలజీ. యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ రాయాలి. ఆ పరీక్ష 13 భాషల్లో ఉంటుంది, అందులో తెలుగూ ఒకటి. చాలామంది తెలుగు మీడియం పిల్లలు ఈ సంగతి తెలియకే ఆగిపోతారు. ఎంపీసీ చదివావు కాబట్టి లెక్కలు, గణాంకాలు నిన్ను భయపెట్టవు, మిగతా పిల్లలు అక్కడే తడబడతారు. ప్రోగ్రామింగ్ పక్కన నేర్చుకోవచ్చు. ఐఐటీలు ఆన్‌లైన్‌లో పెట్టే ఎన్‌పీటెల్ పాఠాలు ఉచితం. కోడ్ రాయడం ఇంట్లో కూర్చుని నేర్చుకున్నవాళ్లను చాలామందిని చూశాను. ఊళ్లో మనిషిని ప్రశ్న అడగడం ఇంట్లో కూర్చుని నేర్చుకున్నవాళ్లు నాకు ఇంతవరకు ఒక్కరూ కనబడలేదు.

బొమ్మలు, తెరలు, వస్తువుల రూపం మీద ఇష్టముంటే కంది ఐఐటీలో నాలుగేళ్ల బీడిజైన్ ఉంది. దానికి యూసీడ్ అనే పరీక్ష, ఏ గ్రూపువాళ్లయినా రాయొచ్చు. ఇల్లు దాటొద్దంటే డిగ్రీ సీట్లిచ్చే దోస్త్ వెబ్‌సైట్ ద్వారా ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్‌లకు కంప్యూటర్ అప్లికేషన్స్ కలిపిన బీఏ తీసుకో. తర్వాత ఐసెట్ రాసి ఎంసీఏకు వెళ్లినా, సీపీగెట్ రాసి ఎంఏకు వెళ్లినా దారి మూసుకుపోదు. సీఎస్ఈయే ఖాయమైతే అదీ మంచిదే, ఏడుస్తూ మాత్రం చేరకు.

ఏ దారైనా సరే, రేపటినుంచి కౌంటర్ దగ్గర ఒక నోటుబుక్కు పెట్టుకో. తిరిగిపోయిన ప్రతి మనిషికీ ఒక వరస: ఏ పనికి వచ్చారు, ఏ గడి దగ్గర ఆగారు, ఏమన్నారు. వాళ్ల పేర్లు, ఆధార్ నంబర్లు రాయకు, అవి వాళ్లవి. వాళ్లన్న మాట మాత్రం వాళ్లన్నట్టే రాయి, పుస్తకాల భాషలోకి మార్చకు. రెండు నెలల తర్వాత ఆ నోటుబుక్కు పట్టుకుని ఏ ఇంటర్వ్యూకైనా పో. అమ్మ టెన్షన్ సంగతంటావా, నేను చెప్పిన మొదటి రెండు చోట్లా ఆడపిల్లలకు హాస్టల్ ఉంది. ఆదివారం పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం అన్నానికి ఇంట్లో ఉంటావు.

ప్రశ్న: నమస్తే మేడం. మాది మక్తల్. బీఏ ఫైనలియర్. మా నాయిన మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని పుణె పోయి సెంట్రింగ్ పని చేస్తాడు. కూలీలకు మేస్త్రీ లేకుండా నేరుగా పని దొరికే యాప్ పెట్టాలని నా ఆలోచన. దీన్ని సోషల్ ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్ అంటారని ఒక సార్ చెప్పాడు. అంటే ఎన్జీవో పెట్టాలా? ఎంఎస్‌డబ్ల్యూ చేయాలా, ఎంబీఏ చేయాలా?
— ఒక విద్యార్థి, నారాయణపేట జిల్లా

జవాబు: నాయనా, ఆ మాట నోరు తిరగడానికే నాకు రెండు రోజులు పట్టింది. వ్యాపారంలాగా తన ఖర్చు తాను సంపాదించుకోవాలి, కానీ పెట్టింది మాత్రం జనం కష్టం ఒకటి తీరడానికి. అంతే దాని అర్థం. ఎన్జీవోకు విరాళం ఆగితే పని ఆగుతుంది. ఇది అట్లా ఆగకూడదు.

నువ్వు కోర్సు పేరు వెతకకముందే మన జిల్లాలవాడే ఒకాయన చేసి చూపించాడు. ఆలేరు దగ్గర శారాజీపేట చింతకింది మల్లేశం. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ వేయాలంటే, చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేక మిషన్ కట్టడం మొదలుపెట్టి, 1999 నాటికి పూర్తిచేశాడు. బడి మధ్యలో మానేసిన మనిషి. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయనకు సర్వే అక్కర్లేదు, ఆసు ఆ ఇంట్లోనే ఉంది. నీకూ మేస్త్రీ మీ ఇంట్లోనే ఉన్నాడు. అందుకే అడుగుతున్నాను: మీ నాయిన అడ్వాన్సు ఎందుకు తీసుకున్నాడు? అక్క పెళ్లికా, బోరు వేయడానికా, దవాఖానకా? నీ యాప్ పని చూపిస్తుంది, సరే. వానలు పోయిన ఏడు జూన్‌లో మీ అమ్మ చేతిలో డబ్బు ఎవరు పెడతారు? మేస్త్రీ పని చూపేవాడు మాత్రమే అయితే పాలమూరులో ఎప్పుడో పోయేవాడు. అతను అప్పిచ్చేవాడు కూడా. బ్యాంకు ఇవ్వనివాళ్లకు ఇస్తాడు, కూలిలో పట్టుకుంటాడు. ఆ రెండో పనికి నీ దగ్గర జవాబు లేకుండా యాప్ పెడితే డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్లే మళ్లీ మేస్త్రీ దగ్గరికి పోతారు.

అప్పు దగ్గరే ఈ రంగమంతా మొదలైంది, అప్పు దగ్గరే దెబ్బతింది. బంగ్లాదేశ్‌లో మహమ్మద్ యూనస్ అనే ఎకనామిక్స్ ప్రొఫెసర్ 1976లో జోబ్రా అనే ఊళ్లో 42 మందికి 27 డాలర్లు అప్పిచ్చి మొదలుపెట్టాడు. అదే గ్రామీణ బ్యాంకు అయింది, 2006లో నోబెల్ శాంతి బహుమతి దాకా పోయింది. ఆ దారిలోనే నడుస్తున్నామని చెప్పుకున్న మైక్రోఫైనాన్స్ మన ఊళ్లలో ఎట్లా తయారైందో మీ అమ్మను అడుగు. వారం వారం కిస్తీ, గుంపులో ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు వాళ్ల ఇంటిముందు కూర్చోవడం. ఆత్మహత్యలు జరిగాక 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. వసూలు నెలకొకసారే చేయాలి, అదీ పంచాయతీ ఆఫీసు దగ్గర చేయాలి అంది. ఏ కోర్సులో చేరినా ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చదువు. మొదటిది ఒక్కటే చెప్పి పంపే కాలేజీ అయితే నాకు అనుమానమే.

ఇక కోర్సు. ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ వాళ్లు 2007లో సోషల్ ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్‌లోనే రెండేళ్ల ఎంఏ పెట్టారు. ఇప్పుడు అక్కడి చాలా పీజీలకు సీయూఈటీ పీజీ రాయాలి. ముంబై అంటే మీ ఇంట్లో భయముండదనుకుంటా, పాలమూరు వాళ్లకు అది పక్కూరే. హైదరాబాద్‌లోనే ఉండాలంటే ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ. దానికి సీపీగెట్ పరీక్ష. గచ్చిబౌలిలో రోడా మిస్త్రీ కాలేజీ ఉంది. రాజేంద్రనగర్‌లో ఎన్ఐఆర్‌డీ వాళ్ల గ్రామీణాభివృద్ధి పీజీ డిప్లొమా కూడా చూడు. ఎంఎస్‌డబ్ల్యూలో మేలు ఏమిటంటే ఫీల్డ్ వర్క్ తప్పించుకోలేవు. ఎంబీఏ ఇప్పుడే వద్దంటాను. లెక్కల పుస్తకం రాయడం రెండు నెలల్లో వస్తుంది.

రిజిస్ట్రేషన్ సంగతి అడగలేదు కానీ అడుగుతావు. సొసైటీ పెట్టాలంటే కనీసం ఏడుగురు కావాలి. సెక్షన్ 8 కంపెనీ పెడితే లాభం పంచుకోవడం కుదరదు, పనిలోనే పెట్టాలి. 1995 నాటి మ్యాక్స్ (పరస్పర సహాయ సహకార సంఘాల) చట్టం కింద సహకార సంఘం పెట్టుకోవచ్చు. పొదుపు, అప్పు రెండూ కూలీల చేతిలోనే ఉండాలంటే నాకు మూడోదే నచ్చుతుంది. కాగితాలకు తొందరలేదు. సంక్రాంతికి మీ నాయిన వస్తాడు కదా, ఆయనతోపాటు వచ్చే పదిమందిని కూర్చోబెట్టి అడ్వాన్సు లెక్కలు రాయి. ఎంత తీసుకున్నారు, ఎంత తీరింది, ఎంత మిగిలింది, ఆ లెక్క ఎవరి చేతిలో ఉంది.

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ మూడో సంవత్సరం. కోడింగ్ వద్దట, యూఎక్స్ డిజైన్ చేస్తాడట. బొమ్మలు గీస్తే ఉద్యోగం ఎవరిస్తారండీ? మావారు రైస్ మిల్లులో గుమస్తా. మాకు ఇవన్నీ తెలియవు.
— ఒక తల్లి, మిర్యాలగూడ

జవాబు: అమ్మా, మీవారికే తెలిసిన పని అది. మిల్లులో ధాన్యం తూకం వేసి రైతుకు చీటీ ఇస్తారు కదా. బస్తాలు, తూకం, తేమ, తరుగు, చివర్లో మొత్తం. రైతు ముందుగా చూసేది తరుగు. తేమ 17 శాతం దాటితే పేచీ అక్కడే మొదలవుతుంది. చీటీ మీద మిల్లు పేరు పెద్దక్షరాల్లో, తరుగు చీమంత అక్షరాల్లో ఉంటే మీవారు రోజంతా ఒకటే జవాబు చెప్పుకోవాలి. ఆ చీటీ ఎట్లా ఉంటే రైతు అడగకుండానే అర్థమవుతుందో ఆలోచించి గీసేవాడు డిజైనర్. ఫోన్‌లో బ్యాంకు తెర, బస్సు టికెట్ తెర, అన్నిటికీ ఇట్లాంటి మనిషి ఒకరు కావాలి. ఉద్యోగాలు ఉన్నాయి. కోడింగ్ చేసేవాళ్లంత మంది అక్కర్లేదు, అదీ నిజమే.

బీటెక్ మాత్రం వదలనివ్వకండి. ఫైనలియర్‌లో సీడ్ అనే పరీక్ష రాస్తే కంది, బొంబాయి, గౌహతి ఐఐటీల్లో, బెంగళూరు ఐఐఎస్‌సీలో ఎండిజైన్ ఉంది. ఈ సెలవుల్లో మీవారి వెంట వారం రోజులు మిల్లుకు పంపండి. ఆ చీటీని మళ్లీ గీసి, నలుగురు రైతులకు చూపించి, వాళ్లన్నది విని ఇంకోసారి గీయమనండి. విసుక్కోకుండా మూడోసారి గీస్తే వాడికి ఆ పని ఇష్టమేనని మీకే తెలుస్తుంది.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ఆరు నెలల 'సోషల్ ఇన్నోవేషన్' డిప్లొమా, ఉద్యోగం గ్యారంటీ అని రోజూ ఫోన్ చేస్తున్నారు. ఈ రోజు కడితే సగం ఫీజే అంటున్నారు. కట్టమంటారా?
— ఒక ఉద్యోగి, కల్వకుర్తి

జవాబు: కట్టకండి. రిటైరయ్యాక నేనూ ఇట్లాగే డేటా పాఠాలకని ఒకచోట డబ్బు కట్టాను. మొదటి రెండు క్లాసులు లైవ్, ఆ తర్వాత అన్నీ పాత వీడియోలే. వాపసు అడిగితే నంబరు మార్చారు. ఆన్‌లైన్ డిగ్రీ అయితే ఆ యూనివర్సిటీకి అనుమతి ఉందో లేదో యూజీసీ దూరవిద్యా విభాగం జాబితాలో చూసుకోవచ్చు. ఇట్లాంటి డిప్లొమాలకు చాలావాటికి ఏ జాబితా ఉండదు. నేర్చుకోవాలనే ఉంటే స్వయం, ఎన్‌పీటెల్‌లలో పాఠాలు ఉచితంగా వినండి. పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటేనే ఫీజు.

మళ్లీ ఫోన్ వస్తే ఫీజు వాపసు షరతు, ఉద్యోగం గ్యారంటీ రెండూ లెటర్‌హెడ్ మీద సంతకం పెట్టి పంపమనండి. పోయిన నెల నేను ఒకతన్ని అట్లాగే అడిగాను. 'సార్‌ను అడిగి లైన్లోకి వస్తా మేడం' అన్నాడు, ఇంకా రాలేదు.